నాటిన మల్బరీ మొక్క ఎందుకు చచ్చిపోతుంది? గుంత తవ్వకముందు నేలలో చూడాల్సింది



పోయిన నెల గ్రూపులో ముగ్గురు నలుగురు ఒకే మాట అడిగినారు. "నర్సరీ నుంచి మంచి మొక్కలే తెచ్చినాం, నీళ్లు కూడా బాగానే పెట్టినాం, అయినా వందకి ముప్పై ఎండిపోయినాయి. మొక్కలోనే తప్పుందా?" అని. మొక్కలో తప్పు ఉండొచ్చు, లేదనడం లేదు. కానీ మేము చూసినంతలో శానా సార్లు తప్పు మొక్కది కాదు, నీళ్లది కాదు. మొక్క రాకముందే నేలకి మనం చేసిన పనిది, లేదంటే చెయ్యకుండా వదిలేసిన పనిది. ఆ సంగతే ఈసారి వివరంగా రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, తీరికగా చదవండి.

ముందు మా కథ చెప్పాల. మాది చింతామణి పక్క. మిట్ట మీద రెండెకరాల ఎర్రనేల, అడుగున్నర కింద గరుసు. చెరువు కింద ఇంకో ముక్క, అది పల్లం. మొదటిసారి మిట్ట చేన్లో ఒక ఎకరా వి-1 నాటినాం. అంతకుముందు పదేళ్లుగా అందులో రాగి, టమాట వేస్తా ఉన్నాం. రోటవేటర్ రెండు సార్లు తిప్పించినాం. పైన మట్టి పిండి మాదిరి మెత్తగా అయింది. చూసేదానికి ఎంత బాగుండాదో! గడ్డపారతో పొడిచి బొక్క చేసి, మొక్క దింపి, కాలితో తొక్కి, నీళ్లు పెట్టినాం. మూడు అడుగులకి మూడు అడుగుల లెక్కన ఎకరాకి 4840 మొక్కలు. నాలుగు నెలలు తిరిగేసరికి మూడో వంతు లేవు.

ఆ నష్టం మొక్క ధరతో పోలేదు. మల్బరీ తోట ఒకసారి పెడితే పదిహేనేళ్లు ఉంటుంది. ఖాళీ అయిన చోట మళ్లా నాటితే ఏమవుతుందో మీకు తెలుసు. పక్క మొక్కలు అప్పటికే ఎదిగి నీడ కప్పేస్తాయి, కొత్త మొక్క బక్కగా నిలబడి ఉంటుంది కానీ తోటలో కలవదు. మొదటి ఏడు పోయిన మొక్క పదిహేనేళ్లకీ పోయినట్టే. వంద గుడ్లకి సుమారు టన్ను ఆకు కావాల, అందులో ఎక్కువ భాగం ఐదో దశలోనే తింటాయి. మా రెండో పంటలో పురుగులు మాగడానికి ఇంకా రెండు రోజులు ఉండగా తోటలో ఆకు అయిపోయింది. రాత్రి పదింటికి ఆటో మాట్లాడుకొని పక్క ఊరికి పోయి, టార్చి వెలుతురులో కొమ్మలు కోసి తెచ్చినాం. ఆ గూళ్లు పలచగా వచ్చినాయి. శిడ్లఘట్ట మార్కెట్లో జాలీలో పోసినప్పుడు కొనేవాళ్లు చేత్తో నొక్కి చూసి పక్కకి పోయినారు. అప్పుడు అర్థమైంది, ఆకు తక్కువ పడింది షెడ్డులో కాదు, గడ్డపార బొక్కలో అని.

తర్వాత చచ్చిన మొక్కల్ని పీకి చూసినాం. పీకడం అంటే లాగడం కాదు, పక్కన తవ్వి వేరు తెగకుండా తీయడం. ఈ పని అందరూ చెయ్యాల అన్నా. చచ్చిన మొక్క వేరు చూస్తే ఎందుకు చచ్చిందో అదే చెప్తుంది. మా మొక్కల వేర్లు ఐదారు అంగుళాలు కిందికి పోయి, అక్కడ నుంచి అడ్డంగా తిరిగి, చీపురు మాదిరి గుంపుగా అయిపోయినాయి. కొన్నింటికి వేరు కొస పైకి వంగి గాలం మాదిరి ఉండాది.

అడ్డంగా తిరిగిన వేరుకి కారణం గట్టి పొర. ఏడాదికి రెండు మూడు సార్లు కల్టివేటర్, రోటవేటర్ ఒకే లోతులో తిరిగితే, పైన ఐదారు అంగుళాలు మెత్తబడతాయి, దాని కింద మట్టి ట్రాక్టర్ బరువుకి, గొర్రు దెబ్బకి అణిగి అణిగి బండ మాదిరి అవుతుంది. రాగికి, టమాటకి ఇది అంతగా తెలియదు, నాలుగు నెలల్లో పంట అయిపోతుంది, వేరు పైనే ఉంటుంది. మల్బరీ అట్ల కాదు. అది చెట్టు. మనం కోసి కోసి పొదగా ఉంచినాం గానీ దాని గుణం చెట్టు గుణం, వేరు లోతుకి పోవాల. కిందికి పోలేని వేరు పైన ఐదు అంగుళాల తడి మీదే బతుకుతుంది. బెట్ట పది రోజులు పట్టిందంటే ఆ ఐదు అంగుళాలు ఎండిపోతాయి. రోటవేటర్ తిప్పినాక నేల ఎంత మెత్తగా కనిపిస్తే అంత మోసం.

గాలం మాదిరి వంగిన వేరుకి కారణం గడ్డపార. సన్న బొక్కలో మూడు నాలుగు నెలల మొక్కని దింపేటప్పుడు వేరు కొస కింద తగిలి పైకి మడుచుకుంటుంది. బొక్క అడుగున మట్టి పడక గాలి గూడు నిలుస్తుంది, అక్కడికి వచ్చిన వేరు ఎండుతుంది. తడిగా ఉన్నప్పుడు పొడిస్తే ఇంకా చెడ్డ. గడ్డపార చుట్టూ మట్టి నున్నగా పూసినట్టు అవుతుంది, కుండ లోపల మాదిరి. చిన్న వేరు ఆ నునుపుని దాటి పోలేదు. కూలీ తక్కువ, పని తొందరగా అయిపోతుందని మనమందరం గడ్డపార పడతాం. కడ్డీలు గుచ్చేదానికి సరిపోతుందేమో, వేరున్న మొక్కకి సరిపోదు.

ఇంత తెలిసినాక రెండో ఎకరాకి బుద్ధిగా చేసినామా అంటే, లేదు. ఈసారి అవతల కొసకి పోయినాం. జేసీబీ పిలిచి రెండున్నర అడుగుల లోతు కాలువలు తీయించినాం. ఊర్లో అందరూ అట్లనే చేస్తా ఉండిరి. కాలువలో ఎరువు పోసి, తీసిన మట్టి మళ్లా తోసి, జత సాళ్లలో మొక్కలు నాటినాం. మొదటి ఏడు బాగా వచ్చినాయి, ఎకరాకి యాభై కూడా పోలేదు. మేము మీసం తిప్పినాం. రెండో ఏడు సెప్టెంబర్‌లో వానలు పట్టినాక, ఒక్కొక్క సాలులో ఒక మూల నుంచి మొక్కలు వాడిపోవడం మొదలైంది. ఆకు ఉన్నట్టుండి వేలాడిపోతుంది, వారంలో కొమ్మ ఎండుతుంది, పీకితే వేరు పైతోలు నల్లగా కుళ్లి చేతికి వస్తుంది. వేరుకుళ్లు.

ఎందుకు వచ్చిందో తవ్వి చూస్తే తెలిసింది. జేసీబీ వచ్చిన రోజుకి ముందు వాన పడి ఉండాది. తడి మట్టిలో బకెట్ గీసుకుంటూ పోతే కాలువ పక్కలు, అడుగు సిమెంటు పూసినట్టు నున్నగా అయినాయి. కింద గరుసు ఎట్లా నీళ్లు దింపదు. కాలువ కాస్తా తొట్టి అయింది. వాన నీళ్లు చేను మొత్తం నుంచి మెత్తని మట్టి ఉన్న కాలువలోకి చేరి అక్కడే నిలబడినాయి. నీళ్లు నిలిచిన చోట వేరుకి ఊపిరి ఆడదు, ఊపిరాడని వేరుకి బూజు తొందరగా పడుతుంది.

ఇంకో తప్పు కూడా చేసినాం. జేసీబీ తీసేటప్పుడు పై మట్టి, కింది మట్టి అంతా ఒకటే కుప్ప. తోసేటప్పుడు పైన ఉన్న మంచి మట్టి అడుక్కి పోయింది, కింద ఉన్న పసుపురంగు గరుసు పైకి వచ్చింది. మొక్కకి మొదటి మూడు నెలలు కావాల్సిన సత్తువ పై ఎనిమిది అంగుళాల మట్టిలోనే ఉంటుంది, ఆకు కుళ్లి, పేడ కలిసి, వానపాములు తిరిగిన మట్టి అది. దాన్ని అడుక్కి పంపి, చచ్చిన మట్టిలో మొక్క పెట్టినాం. జేసీబీ మీద మాకు కోపం లేదు. ఎండిన నేలలో, పై మట్టి ఒక పక్క, కింది మట్టి ఇంకో పక్క వేయించి, కాలువ పక్కల్ని మళ్లా చనికతో గీరించి ఉంటే అంత చెడేది కాదు. గంట లెక్కన డబ్బులు ఇస్తా ఉన్నప్పుడు ఆ ఓపిక ఎవరికి ఉంటుంది, అదీ ఒక సంగతే.

మా అబ్బాయి ఒకరోజు ఫోన్‌లో ఒక వీడియో చూపించినాడు. ఫిన్లాండ్, స్వీడన్ దేశాల్లో పైన్ చెట్ల అడవి నరికినాక మళ్లా మొక్కలు నాటుతారు. అక్కడ యంత్రంతో మట్టిపెళ్లని ఎత్తి, తిరగేసి, చిన్న కుప్పగా పెడతారు. ఆ కుప్ప మీద మొక్క నాటుతారు. "మనం గుంతలో పెడతాం, వాళ్లు గుట్ట మీద పెడతారు, ఎవరు కరెక్టు నాయినా?" అని అడిగినాడు. ఇద్దరూ కరెక్టే. వాళ్ల నేల చల్లగా, తడిగా ఉంటుంది. ఎత్తుగా ఉన్న మట్టి ఎండకి తొందరగా వెచ్చబడుతుంది, నీళ్లు జారిపోతాయి. ఇంకోటి, అక్కడ పైన్ మొక్క బెరడు కొరికే ఒక ముక్కు పురుగు ఉంది. మొక్క చుట్టూ గడ్డి, చెత్త లేకుండా వట్టి మట్టి కనిపిస్తే అది మొక్క దాకా తక్కువగా వస్తుంది. అంటే వాళ్లు నేలని తయారుచేసేది అక్కడ మొక్కని చంపే దాన్ని చూసి. అదే కుప్ప మన మిట్ట చేన్లో పెడితే వారంలో మొక్క వడియం మాదిరి ఎండుతుంది.

కాబట్టి గుంత ఎంత లోతు, కాలువ ఎంత వెడల్పు అని అడగకముందు, ఈ చేన్లో మొక్కని చంపేది ఏది అని అడగాల. మిట్ట ఎర్రనేలలో చంపేది బెట్ట, గట్టి పొర, చెదలు. పల్లంలో చంపేది నిలిచిన నీళ్లు. టమాట, వంకాయ వేసిన చేన్లో చంపేది వేరుముడి పురుగు. ఒకే ఊర్లో, ఒకే రైతు చేన్లో ఈ మూడూ ఉంటాయి, మాకు ఉన్నట్టు.

తెలుసుకోవడం కష్టం కాదు. మంచి వాన పడి రెండు రోజులైనాక గడ్డపార తీసుకొని చేనంతా పది పదిహేను చోట్ల గుచ్చండి. అణచకుండా ఊరికే బరువు వెయ్యండి. ఒక అడుగు దాకా దిగితే సరే. ఐదారు అంగుళాలకే ఆగిపోతే గట్టి పొర ఉందని లెక్క. తర్వాత నాలుగు చోట్ల రెండడుగుల గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి, ఒకసారి ఇంకినాక మళ్లా పోయండి. రెండోసారి పోసిన నీళ్లు మరుసటి రోజు పొద్దునకి కూడా అట్లనే ఉంటే ఆ చోట గుంత పద్ధతి వద్దు. ముందు పంట టమాట అయితే దాని మోళ్లు పీకి వేర్లు చూడండి, వేరు మీద ఉబ్బులు, ముడులు ఉన్నాయా అని. ఇవన్నీ ఒక పూట పని, ఖర్చు లేదు. మట్టి పరీక్ష మాత్రం చేయించుకోండి. మల్బరీకి నేల పి.హెచ్. 6.2 నుంచి 6.8 మధ్య బాగుంటుంది. పల్లం చేన్లో తెల్లగా చవుడు పొంగుతుంటే జిప్సం ఎంత వెయ్యాలో పరీక్షే చెప్పాల, అంచనాతో వెయ్యొద్దు. ఒడిశాలో కోరాపుట్, రాయగడ పక్క ఉన్న మనవాళ్ల ఎర్రనేలలు పులుపు వైపు ఉంటాయి, వాళ్లకి జిప్సం కాదు, సున్నం కావాల.

ఇప్పుడు మిట్ట చేన్లో మేము ఎట్లా చేస్తా ఉన్నామో చెప్తాం.

భరణి కార్తెలో ఒక వాన పడినాక, నేల పదును ఆరి ఇంకా గట్టిపడకముందు, ఎం.బి. నాగలితో అడుగు లోతు దున్నిస్తాం. కల్టివేటర్ కాదు, రోటవేటర్ అసలే కాదు. పెద్ద పెద్ద పెళ్లలు లేస్తాయి, వాటిని పగలగొట్టకుండా ఎండకి వదిలేస్తాం. ఎండకి గడ్డి వేర్లు, వేరుముడి పురుగు, చెదల పుట్టలు చెడతాయి. పది పదిహేను రోజులకి అడ్డంగా ఇంకోసారి. టమాట వేసిన చేనైతే మూడోసారి కూడా. గట్టి పొర మరీ లోతుగా ఉంటే సబ్‌సాయిలర్ తిప్పించాల, అది మాత్రం నేల బాగా ఎండి ఉన్నప్పుడే. ఎండిన నేల పగులుతుంది, తడి నేల కోసుకొని మళ్లా మూసుకుంటుంది.

రోహిణిలో గుంతలు. ఒకటిన్నర అడుగు పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. చెట్టు పద్ధతిలో దూరం దూరంగా పెట్టేవాళ్లకి రెండడుగులు. పై మట్టి ఎడమ పక్క, కింది మట్టి కుడి పక్క. ఇది కూలివాళ్లకి మొదటి పది గుంతలు దగ్గర నిలబడి చూపిస్తే చాలు, తర్వాత వాళ్లే చేస్తారు. గుంత పక్కల్ని చనిక కొసతో గరుకుగా గీరాల. పదిరోజులు ఎండనిచ్చి, ముందు పై మట్టి, దాంతో బాగా మాగిన దిబ్బెరువు రెండు కిలోల దాకా, రెండు పిడికెళ్ల వేపపిండి కలిపి నింపుతాం. ట్రైకోడెర్మా దొరికితే ముందే ఎరువులో కలిపి నీడలో తడిగా పది రోజులు ఉంచుతాం. కింది మట్టి చివరన పైన చుట్టూ పాదు కట్టేదానికి వాడతాం. నింపిన గుంత నేలకంటే నాలుగు వేళ్లు ఎత్తుగా ఉండాల. ఒకటి రెండు వానలకి అది అణుగుతుంది. అణగకముందే నాటితే మొక్క మట్టితో పాటు కిందికి దిగి, మొదలు దగ్గర నీళ్లు నిలుస్తాయి.

ఎరువు దగ్గర ఒక మాట. మాగిన ఎరువు అంటే చేత్తో పట్టుకుంటే పేడ వాసన రాకూడదు, వేడి ఉండకూడదు. పచ్చి పేడ గుంతలో వేస్తే అక్కడ వేడి పుడుతుంది, వేరు మాడుతుంది, చెదలు పిలిచినట్టు వస్తాయి. ఇంకా పెద్ద తప్పు, షెడ్డులోంచి తీసిన పురుగుల కసువుని, మిగిలిన కొమ్మల్ని నేరుగా గుంతల్లో పొయ్యడం. ఎరువు మిగిలినట్టే అనిపిస్తుంది. కానీ పాలరోగం, సున్నపురోగం వచ్చిన పురుగులు అందులో ఉంటే ఆ రోగం తోటకి చేరి, ఆకుతో మళ్లా షెడ్డుకి వస్తుంది. కసువుని వేరే గుంతలో పోసి, మట్టి కప్పి, పూర్తిగా మాగినాకే తోటకి తీసుకుపోవాల.

చెరువు మట్టి గురించి కూడా అడుగుతుంటారు. మా పక్క కేసీ వ్యాలీ, హెచ్‌ఎన్ వ్యాలీ నీళ్లు చెరువులకి వచ్చినాక ఎండిన చెరువు దొరకడమే తక్కువైంది. దొరికితే మంచిదే, చేనంతా పరిచి దున్నండి. గుంతల్లో మాత్రం నింపొద్దు. చుట్టూ ఇసుకపాటి ఎర్రనేల, మధ్యలో జిగట మట్టి ఉంటే వానకి కుండలో నీళ్లు మాదిరి నిలుస్తాయి, ఎండకి బిగుసుకొని వేరుని పిండుతుంది.

నాటడం ఆరుద్రలో. ముందురోజు గుంత తడుపుతాం. మొక్క వేరు ఎంత ఉందో అంత వెడల్పు చేత్తో మట్టి తీసి, వేర్లు విడదీసి పెట్టి, మట్టి నింపి, మడమతో గట్టిగా తొక్కి, ఆ గంటలోనే నీళ్లు. పొడుగు వేరు ఉంటే మడిచి పెట్టకుండా కత్తిరించి నాటడం మేలు.

పల్లం ముక్కలో ఇదంతా తలకిందులు. అక్కడ గుంత తవ్వలేదు. లోతు దుక్కి అయినాక ట్రాక్టర్‌తో అడుగు ఎత్తు కట్టలు లేపి, కట్ట మీద నాటినాం. మధ్య కాలువల్ని చేను కింది మూలలో ఒక వంకలోకి కలిపినాం. చూసినవాళ్లు ఇదేం వంకాయ తోటా అని నవ్వినారు. ఫిన్లాండ్ పద్ధతి అని మేము కూడా నవ్వినాం. వర్షాకాలం మూడు దాటింది, ఆ ముక్కలో పోయినవి వేళ్ల మీద లెక్క. ఎండాకాలం మాత్రం కట్ట తొందరగా ఆరుతుంది, డ్రిప్పు లేకుండా ఈ పద్ధతి పెట్టుకోవద్దు.

మహారాష్ట్ర పక్క నల్లరేగడిలో ఉండే మనవాళ్లకి కూడా కట్టలే నయం అనుకుంటాం. ఆ నేల వానలో నీళ్లు పట్టి ఉంచుతుంది, ఎండలో నెర్రెలు విచ్చి చిన్న వేర్లని తెంపుతుంది. తడిగా ఉన్నప్పుడు అందులో ట్రాక్టర్ దింపితే ఏడాదంతా ఆ పెళ్లలతోనే కొట్లాడాల. మొక్క మొదట్లో ఎండుగడ్డి, చెరకు చెత్త కప్పి పెడితే నెర్రెలు తగ్గుతాయి. అక్కడ తోట చేస్తున్నవాళ్లు మాకంటే బాగా చెప్పగలరు, గ్రూపులో రాయండి.

ఖర్చు మాట. గడ్డపారతో నాటిన ఎకరాకంటే గుంతలు తవ్వించిన ముక్కకి కూలీ మూడింతలు దాకా అయింది. అందుకే ఒకేసారి రెండెకరాలు చెయ్యలేకపోయినాం, కుళ్లిన సాళ్లు తీసేసి అర ఎకరా అర ఎకరాగా రెండేళ్లలో చేసినాం. మా ఇంట్లో ఆమె అప్పుడే చెప్పింది, ఎకరా నిండా బొక్కలున్న తోటకంటే అర ఎకరా నిండు తోట నయం, ఆకు కోసేదానికి తిరగాల్సిన పనైనా తగ్గుతుంది అని. ఆమె మాటే నిలిచింది. ఆ అర ఎకరాలో వందకి మూడు నాలుగు కంటే పోలేదు.

మా బావమరిది హోసూరు దగ్గర ఈ ఏడు ఎకరా నాటాలని ఉన్నాడు. మొక్కలకి బయానా కూడా ఇచ్చేసినాడు. పోయిన వారం గడ్డపార తీసుకొని వాళ్ల చేనికి పోయినాం. తూర్పు పక్క అడుగుకి పైనే దిగింది. పడమర పక్క, పాత ఇటుకబట్టీ ట్రాక్టర్లు తిరిగిన చోట, నాలుగు అంగుళాలకే ఠంగుమంది. ఆయన మొహం చిన్నబోయింది. తూర్పు పక్క అర ఎకరాలో జూన్ ఆఖరుకి నాటేటట్టు, పడమర పక్క లోతుగా దున్ని ఈ ఏడు జనుము చల్లి, పూతకి వచ్చినప్పుడు అందులోనే కలియదున్ని, వచ్చే ఏడు నాటేటట్టు మాట్లాడుకున్నాం. మిగిలిన మొక్కల బయానా వచ్చే ఏడుకి పెట్టుకుంటామని నర్సరీ ఆయన ఒప్పుకున్నాడు.